కంచె చేనును మేసినపుడు
(అమెరికా వలస చట్టంలో కుటుంబ హింస బాధితులకు గల రక్షణలు – ఒక పరిచయం)

కంచె చేను మేసిన చందము అని మన పెద్దలు అనుచుందురు. కాపాడవలసినవాడే కాటువేసినపుడు కలుగు దుఃఖానికి ఇంతకన్న చక్కని ఉపమానం లేదు. కుటుంబంలో హింస ఏ దేశమందైనను దుఃఖకరమే. అయితే స్వదేశంలో బాధపడు స్త్రీకి పుట్టిల్లు ఉన్నది, తెలిసిన భాష ఉన్నది, పిలిచిన పలుకు ఇరుగుపొరుగు ఉన్నది. పరదేశంలో కాపురమున్న స్త్రీకి ఇవేవియు లేవు. పైగా ఆ దేశంలో ఆమె నివసించు హక్కు సైతం తరచుగా ఆమెను బాధించు భర్త కాగితాలపైననే ఆధారపడి ఉండును. "నీవు పోలీసులకు చెప్పినచో నిన్ను విమాన మెక్కించెదరు" అను ఒక్క మాట ఆమె నోటికి తాళం వేయును.

తెలుగు జిల్లాల నుండి విద్య, ఉద్యోగం, వివాహం నిమిత్తం అమెరికాకు వెళ్ళినవారు అనేకులు. మన విద్యార్థినులలో కొందరికి రేపు అట్టి సంబంధం రావచ్చును. విద్యార్థులలో కొందరు అక్కచెల్లెండ్రను అక్కడికి పంపవచ్చును. వరుని జీతం, వీసా, ఇంటి వైశాల్యం విచారించు మనము, అక్కడి చట్టం మన బిడ్డకు ఏ రక్షణ ఇచ్చునో విచారించుట లేదు. ఆ లోపమును కొంతైనను తీర్చుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

చిక్కు ఎచ్చట ఉన్నది?

అమెరికా వలస చట్టానికి పునాది 1952 నాటి వలస, జాతీయతా చట్టం. కుటుంబ సంబంధం వలన శాశ్వత నివాసం, అనగా గ్రీన్ కార్డు, పొందగోరు వ్యక్తి తనకు తానుగా దరఖాస్తు పెట్టుకొనుట సామాన్యంగా వీలుపడదు. పౌరుడో, శాశ్వత నివాసియో అయిన భర్త లేక భార్య ఆమె లేక అతని పక్షమున అభ్యర్థన పెట్టవలెను. పెట్టిన అభ్యర్థనను వెనుకకు తీసికొనుటకు కూడ వారికి స్వేచ్ఛ కలదు.

1986లో బూటకపు వివాహాలను అరికట్టుటకై ఒక సవరణ వచ్చినది. దాని ప్రకారం, వివాహమై రెండు సంవత్సరములు నిండకముందే గ్రీన్ కార్డు పొందిన వ్యక్తికి రెండేండ్ల షరతులతో కూడిన నివాసం మాత్రమే లభించును. ఆ గడువు ముగియుటకు ముందు తొంబది దినములలో దంపతులిరువురు కలిసి సంతకం చేసి షరతులను తొలగింపుమని కోరవలెను. మోసమును ఆపుటకు వచ్చిన ఈ నియమం, దుర్మార్గుని చేతికి కొత్త కొరడాను అందించినది. సంతకం అతని చేతిలో ఉన్నది కావున, ఆ రెండేండ్లు ఆమె ఏమి జరిగినను సహింపవలసి వచ్చినది.

ఈ అన్యాయమును శాసనకర్తలు క్రమంగా గుర్తించిరి. 1990లో షరతుల నివాసులకు ఒక మినహాయింపు కల్పించిరి. 1994లో స్త్రీలపై హింస నిరోధక చట్టం వచ్చినది. దానిని 2000, 2005, 2013, 2022 సంవత్సరములలో పునరుద్ధరించి విస్తరించిరి. చట్టం పేరులో స్త్రీలు అని ఉన్నను, దాని రక్షణ పురుషులకు కూడ వర్తించును.

మొదటి ద్వారం: స్వయం అభ్యర్థన

1994 చట్టం తెచ్చిన ముఖ్యమైన మార్పు ఇది. భర్త పెట్టవలసిన అభ్యర్థనను బాధితురాలే, అతనికి తెలియకుండ, తన పేరున పెట్టుకొనవచ్చును. ఇందుకు ఐ-360 అను పత్రమును వాడుదురు. ఈ విధమైన అభ్యర్థనకు రుసుము లేదు.

దీనికి అర్హులు మూడు వర్గములవారు. అమెరికా పౌరుడు లేక శాశ్వత నివాసి అయిన వ్యక్తి చేత బాధింపబడిన భార్య లేక భర్త. అట్టివాని చేత బాధింపబడిన సంతానం. అమెరికా పౌరులై, ఇరువదియొక్క సంవత్సరములు నిండిన కుమారుని లేక కుమార్తె చేత బాధింపబడిన తల్లిదండ్రులు. ఈ మూడవ వర్గమును 2005లో చేర్చిరి. మనుమలను పెంచుటకై వెళ్ళి, అక్కడ కన్నబిడ్డల చేతనే కష్టములపాలైన వృద్ధులకు కూడ చట్టంలో చోటున్నదని దీనివలన తెలియుచున్నది. అయితే ఆ బిడ్డ పౌరుడై ఉండవలెను. గ్రీన్ కార్డు మాత్రమే ఉన్నచో ఈ మార్గం చాలదు.

భార్య నిరూపింపవలసిన అంశములు ఐదు. ఒకటి, భర్త పౌరుడు లేక శాశ్వత నివాసి అగుట, అతనితో చట్టబద్ధమైన వివాహం జరుగుట. రెండు, ఆ వివాహం కాగితాల కొరకు గాక కాపురం కొరకే చేసికొన్నదగుట. మూడు, అతనితో కలిసి నివసించియుండుట. నాలుగు, దెబ్బలు గాని, తీవ్రమైన క్రూరత్వం గాని అనుభవించుట. ఐదు, తాను సత్ప్రవర్తన గలదగుట.

ఇందులో తీవ్రమైన క్రూరత్వం అను మాట విద్యార్థులు ప్రత్యేకంగా గమనింపదగినది. ఒంటిపై గాయం కనబడిననే హింస అని చట్టం చెప్పుట లేదు. బెదిరింపులు, నిర్బంధం, లైంగిక బలాత్కారం, పుట్టింటివారితో మాట్లాడనీయకుండుట, డబ్బు చేతికి ఇయ్యక ప్రతి పైసకు లెక్క అడుగుట, పాస్‌పోర్టు దాచుట, దేశంనుండి పంపివేయించెదనని నిత్యం భయపెట్టుట మొదలగునవి కలిసి ఒక నిరంకుశ పాలనగా రూపొందినపుడు, అవి కూడ పరిగణనకు వచ్చును.

అభ్యర్థన ఆమోదింపబడినంతమాత్రాన గ్రీన్ కార్డు చేతికి రాదు. అది మరియొక మెట్టు. పౌరుని భార్యకు సంఖ్యా పరిమితి లేదు కావున త్వరపడవచ్చును. శాశ్వత నివాసి భార్య వీసా సంఖ్య లభ్యమగు వరకు వేచియుండవలసి రావచ్చును. ఆమోదం వచ్చిన పిదప పని అనుమతి పొందు అవకాశం కలదు. ఆమె అవివాహిత మైనరు బిడ్డలను అదే అభ్యర్థనలో చేర్చవచ్చును. అభ్యర్థన ఆమోదం పొందకముందే ఆమె మరల వివాహమాడినచో మాత్రం అర్హత పోవును.

రెండవ ద్వారం: ఒంటరి సంతకం

షరతుల నివాసం ఇప్పటికే పొందిన స్త్రీ ఐ-360 పెట్టనవసరం లేదు. ఆమె ఐ-751 అను పత్రమును భర్త సంతకం లేకయే దాఖలు చేసి, హింస కారణంగా మినహాయింపు కోరవచ్చును. వివాహం సద్భావంతో జరిగినదనియు, తాను హింసకు గాని క్రూరత్వానికి గాని గురియైతిననియు చూపవలెను. దీనికి విడాకులు తీసికొనియుండవలెనను నియమం లేదు. రెండేండ్లు నిండువరకు ఆగవలెనను నియమమును లేదు.

హెచ్-4 స్త్రీల అవస్థ

ఇప్పుడు మన తెలుగు కుటుంబాలకు అత్యంత సన్నిహితమైన విషయానికి వత్తము. ఇద్దరు స్త్రీలను ఊహించుకొందము. ఒకరు గుంటూరు నుండి అమెరికా పౌరుని వివాహమాడి వెళ్ళినారు. మరియొకరు నిజామాబాదు నుండి హెచ్-1బి వీసాపై ఉద్యోగం చేయు యువకుని వివాహమాడి, హెచ్-4 వీసాపై వెళ్ళినారు. ఇరువురు ఒకే విధమైన దెబ్బలు తినిరి. మొదటి ఆమెకు స్వయం అభ్యర్థన ద్వారం తెరచి ఉన్నది. రెండవ ఆమెకు అది మూసి ఉన్నది. ఏలయన, ఆమె భర్త పౌరుడు కాడు, శాశ్వత నివాసియు కాడు. దెబ్బ ఒక్కటే, చట్టం రెండు. ఈ శాసనంలోని పెద్ద కొరత ఇదియే.

హెచ్-4 స్థితి భర్త స్థితికి నీడ వంటిది. అతని ఉద్యోగం పోయినను, విడాకులైనను ఆ నీడ తొలగిపోవును. ఆమెకు గల అవకాశములు ఇవి:

మొదటిది, పని అనుమతి. 2005 పునరుద్ధరణలో హెచ్ తరగతి మొదలగు కొన్ని వీసాదారుల బాధిత భార్యలకు పని అనుమతి ఇచ్చుటకు వీలు కల్పించిరి. ఐ-765వి అను పత్రం ద్వారా దీనిని కోరవచ్చును. ఇది భర్తకు గ్రీన్ కార్డు ప్రక్రియ నడచుచున్న హెచ్-4 భార్యలకు 2015 నుండి ఇచ్చుచున్న పని అనుమతి కంటె వేరైనది. దీనికి భర్త సహకారం అక్కరలేదు. అయితే ఇది పని చేయుటకు మాత్రమే అనుమతి. దేశంలో నివసించు స్థితిని ఇది స్వయంగా ప్రసాదింపదు.

రెండవది, తన స్వంత స్థితి. హెచ్-4 చెల్లుబాటులో ఉన్నపుడే విద్యార్థి వీసాకో, తన అర్హతపై హెచ్-1బికో మారుటకు దరఖాస్తు చేయవచ్చును. ఇక్కడ ఆమె పట్టా ఆమెకు కవచమగును. ఆడపిల్లకు చదువు పెండ్లి పత్రికలో అచ్చువేయుటకు మాత్రమే అని తలచు పెద్దలు దీనిని యోచింపవలెను.

మూడవది, భర్త తరువాత శాశ్వత నివాసి అయినచో, మొదటి ద్వారం ఆమెకు కూడ తెరచుకొనవచ్చును.

నాలుగవది, భర్త వీసాతో నిమిత్తం లేని యు వీసా.

యు వీసా, టి వీసా

ఈ రెండింటిని 2000 సంవత్సరంలో సృష్టించిరి. యు వీసా కొన్ని నేరముల బాధితులకు ఉద్దేశింపబడినది. వానిలో గృహహింస కూడ ఒకటి. నేరస్థుడు పౌరుడా, హెచ్-1బి ఉద్యోగియా, వీసా లేనివాడా అను ప్రశ్న ఇందులో రాదు. బాధితురాలు గణనీయమైన శారీరక లేక మానసిక బాధ అనుభవించియుండవలెను. నేర పరిశోధనలో అధికారులకు సహాయపడవలెను. అట్లు సహాయపడినట్లు పోలీసు, ప్రాసిక్యూటర్, న్యాయమూర్తి వంటి అధికారి ఒక ధ్రువపత్రంపై సంతకం చేయవలెను. ఆ సంతకం చేసిన ఆరు మాసములలోపల దరఖాస్తు దాఖలు కావలెను. సంతకం చేయుట అధికారి విచక్షణకు సంబంధించినది.

దీని లోపం నిరీక్షణ. ఏటా పదివేల మంది ప్రధాన దరఖాస్తుదారులకు మాత్రమే యు వీసా ఇయ్యవలెనని పరిమితి ఉన్నది. కోరువారు అంతకన్న ఎంతో అధికులు గాన సంవత్సరముల తరబడి వేచియుండవలసి వచ్చుచున్నది. ప్రథమ దృష్టిలో సక్రమమని తోచిన దరఖాస్తుదారులకు నిరీక్షణ కాలంలోనే పని అనుమతి ఇచ్చు విధానమును 2021లో ప్రవేశపెట్టిరి. వీసా లభించిన పిదప మూడేండ్లు నివసించినవారు గ్రీన్ కార్డు కోరవచ్చును.

టి వీసా మానవ అక్రమ రవాణా బాధితులకు ఏర్పడినది. దీని వార్షిక పరిమితి ఐదువేలు. వివాహం పేరుతో తీసికొనిపోయి, బలవంతంగా, బెదిరింపులతో వెట్టిచాకిరి చేయించిన సందర్భాలలో ఇది వర్తింపవచ్చును. అత్తవారింట పని ఎక్కువగుట మాత్రమే రవాణా కాదు. బలప్రయోగం, మోసం లేక నిర్బంధం రుజువు కావలెను.

న్యాయస్థానం ఎదుట గల మార్గములు

బహిష్కరణ విచారణలో చిక్కుకొన్న బాధితురాలు వలస న్యాయమూర్తి ఎదుట బహిష్కరణ రద్దు కోరవచ్చును. ఇందుకు బాధించినవాడు పౌరుడో శాశ్వత నివాసియో అయియుండవలెను. ఆమె మూడేండ్లు ఎడతెగక ఆ దేశంలో ఉండవలెను. పంపివేసినచో తనకో, తన బిడ్డకో, తల్లిదండ్రులకో తీవ్రమైన కష్టం కలుగునని చూపవలెను.

స్వదేశానికి మరలిపోయినచో ప్రాణహాని గలవారు శరణు కోరవచ్చును. ప్రవేశించిన ఏడాదిలోపల కోరవలెనని సామాన్య నియమం. అయితే గృహహింస కారణంగా శరణు ఇచ్చుట విషయంలో అక్కడి తీర్పులు నిలకడగా లేవు. 2014లో దారి విశాలమైనది, 2018లో సంకుచితమైనది, 2021లో ఆ సంకోచం తొలగినది, 2025లో మరల సంకుచితమైనది. కావున దీనిని ఏకైక ఆధారంగా నమ్ముకొనుట క్షేమం కాదు.

తల్లిదండ్రులలో ఒకరి చేతనైనను హింసకు, నిర్లక్ష్యానికి, పరిత్యాగానికి గురియైన, ఇరువదియొక్క సంవత్సరములలోపు అవివాహిత పిల్లలకు ప్రత్యేక బాల వలసదారులను తరగతి ఉన్నది. 1990లో ఏర్పడిన ఈ తరగతికి రాష్ట్ర న్యాయస్థానం ముందుగా ఉత్తర్వు ఇయ్యవలెను.

విడాకులు, పరిత్యాగం

విడాకులైనంతమాత్రాన స్వయం అభ్యర్థన హక్కు వెంటనే నశింపదు. విడాకులకు హింసతో సంబంధమున్నదని చూపగలిగినచో, విడాకులైన రెండేండ్లలోపల అభ్యర్థన పెట్టవచ్చును. గడువు దాటిన పిదప మాత్రం కన్నీటికి విలువ ఉండదు. అందుచేత తన వివాహం చట్టరీత్యా ఏ తేదీన ముగిసినదో, అసలు ముగిసినదో లేదో, స్త్రీ స్పష్టంగా తెలిసికొనవలెను.

ఈ విషయమున మన దేశపు చట్టం కొంత వెలుగు చూపుచున్నది. తిరుపతిలో జరిగిన ఒక వివాహమును భర్త మిస్సోరీ రాష్ట్ర న్యాయస్థానంలో రద్దు చేయించుకొనగా, 1991లో మన సుప్రీంకోర్టు ఆ డిక్రీని గుర్తింప నిరాకరించినది. దంపతులకు వర్తించు వివాహ చట్టం అంగీకరింపని కారణంపై, భార్య స్వచ్ఛందంగా ఆ న్యాయస్థానపు అధికారానికి లోబడనపుడు ఇచ్చిన విదేశీ డిక్రీ సాధారణంగా ఇక్కడ చెల్లదని ఆ తీర్పు సారాంశం. అట్లే, టెలిఫోనులోనో, ఎలక్ట్రానిక్ సందేశం ద్వారానో ఒక్క ఊపున చెప్పిన తక్షణ తలాక్ చెల్లదని, అది నేరమని 2019 నాటి చట్టం ప్రకటించినది. అట్టి సందేశం వచ్చినంతనే వివాహం ముగిసినదని భయపడి హక్కులు వదలుకొనరాదు.

మరియొక దుఃఖకరమైన పద్ధతి కలదు. సెలవులకని భార్యను స్వదేశానికి తెచ్చి, పుట్టింట విడిచి, ఆమె పాస్‌పోర్టుతో సహా భర్త ఒంటరిగా తిరిగిపోవును. అట్టి భర్త పౌరుడో శాశ్వత నివాసియో అయి, హింసలో కొంతైనను అమెరికాలో జరిగియున్నచో, ఆమె ఇక్కడినుండియే స్వయం అభ్యర్థన పెట్టవచ్చును. ఇది పెక్కుమందికి తెలియదు. మన దేశంలో ప్రవాస భారతీయ వివాహాల ఫిర్యాదులకై జాతీయ మహిళా కమిషన్‌లో 2009 నుండి ప్రత్యేక విభాగం పనిచేయుచున్నది. గృహహింస నుండి స్త్రీల రక్షణ చట్టం, 2005 కూడ ఆమెకు అండగా ఉన్నది.

సాక్ష్యం – అనువాదం

తాళం వేసిన తలుపుల వెనుక జరిగినదానికి సాక్షులెవరు? ఈ కష్టమును గుర్తించియే శాసనం, నమ్మదగిన ఏ సాక్ష్యమునైనను పరిశీలింపవలెనని అధికారులను ఆదేశించినది. పోలీసు నివేదిక, వైద్యుని చీటి, న్యాయస్థానపు రక్షణ ఉత్తర్వు ఉన్నచో మేలు. అవి లేనిచో గాయముల ఛాయాచిత్రములు, బెదిరింపు సందేశములు, స్నేహితురాలి వాంగ్మూలం, పుట్టింటికి వ్రాసిన ఉత్తరములు, అన్నింటికన్న ముఖ్యంగా తేదీలతో వివరంగా వ్రాసిన ఆమె స్వంత వాంగ్మూలం పనికివచ్చును. కాపురం నిజమైనదని చూపుటకు పెండ్లి పత్రిక, ఛాయాచిత్రములు, ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఇంటి అద్దె ఒప్పందం, బిడ్డల జనన పత్రములు ఉపకరించును.

తెలుగు లగ్నపత్రిక అయినను, ఉర్దూ నికాహ్‌నామా అయినను పూర్తి ఆంగ్లానువాదంతో సమర్పింపవలెను. అనువాదం సమగ్రమనియు, సరియైనదనియు, తనకు ఆ రెండు భాషలు తెలియుననియు అనువాదకుడు ధ్రువీకరింపవలెను. ఉర్దూ, తెలుగు, ఆంగ్లం మూడును నేర్చు మన కళాశాల విద్యార్థులకు ఇది ఒక సేవామార్గం. వివాహ పత్రం నకలొకటి పుట్టింట భద్రపరచుట ప్రతి కుటుంబం నేడే చేయదగిన పని.

కొన్ని అపోహలు

"దరఖాస్తు పెట్టినచో భర్తకు తెలిసిపోవును" అను భయం సహజం. కాని 1996 నాటి నిబంధనల ప్రకారం, ఇట్టి అభ్యర్థనల సమాచారమును అధికారులు అతనికి వెల్లడింపరాదు. కేవలం అతడిచ్చిన సమాచారంపై ఆధారపడి ఆమెకు వ్యతిరేకంగా నిర్ణయింపరాదు. ఉత్తరములు చేరుటకు వేరొక సురక్షితమైన చిరునామా ఇచ్చుట మంచిది.

"వీసా లేనివారికి పోలీసు సహాయం లేదు" అనుట సరికాదు. ఆపదలో 911కు ఫోను చేయుటకును, న్యాయస్థానంలో రక్షణ ఉత్తర్వు కోరుటకును వలస స్థితి అడ్డు కాదు.

"బిడ్డను తీసికొని ఇండియాకు వచ్చివేసినచో అన్నియు తీరును" అనుట ప్రమాదకరం. తండ్రి అంగీకారం లేక న్యాయస్థానపు అనుమతి లేకుండ బిడ్డను దేశం దాటించుట అక్కడ అపహరణ నేరంగా పరిణమింపవచ్చును. ముందుగా న్యాయ సలహా పొందవలెను.

"దరఖాస్తు పెట్టి చూచిన పోయినదేమి?" అనుటయు పొరపాటే. 2025 నుండి నిరాకరింపబడిన దరఖాస్తుదారులను బహిష్కరణ విచారణకు పంపు విధానం విస్తరింపబడినది. కావున వలస చట్టమందు అనుభవం గల న్యాయవాది సలహా లేనిదే అడుగు వేయరాదు. దళారులను నమ్మరాదు. న్యూజెర్సీలో 1985లో స్థాపింపబడిన మానవి, న్యూయార్కులో 1989లో ఏర్పడిన సఖి, కాలిఫోర్నియాలో 1991లో ప్రారంభమైన మైత్రి దక్షిణాసియా స్త్రీల కొరకే వెలసిన సంస్థలు. జాతీయ గృహహింస సహాయ టెలిఫోను 1-800-799-7233.

ముగింపు

పై విషయములను సంగ్రహించినచో ఇట్లు తేలుచున్నది. భర్త పౌరుడు లేక శాశ్వత నివాసి అయినచో స్వయం అభ్యర్థన. షరతుల గ్రీన్ కార్డు ఉన్నచో ఒంటరి సంతకం. భర్త హెచ్-1బి ఉద్యోగి అయినచో పని అనుమతి, స్వంత వీసా, యు వీసా. విచారణలో ఉన్నచో రద్దు. ఏ ద్వారం ఎవరిదో ముందుగా తెలిసినవారు చీకటిలో గోడలు తడుముకొనరు.

చట్టం గ్రంథంలో ఉన్నంతకాలం అది అక్షరం మాత్రమే. అది కష్టంలో ఉన్న మనిషి చెవికి చేరినపుడే రక్షణ యగును. దూరదేశంలో ఉన్న బిడ్డ ఫోనులో "బాగానే ఉన్నాను" అని గొంతు తగ్గించి పలికినపుడు, "సర్దుకొనుము తల్లీ" అనుట మనకు అలవాటు. ఆ మాటకు బదులు, "నీకు దారి ఉన్నది, భయపడకుము" అని చెప్పగల జ్ఞానం ప్రతి ఇంట ఒక్కరికైనను ఉండవలెను. ఆ ఒక్కరు మన కళాశాలలో చదువుకొన్నవారు కావలెనని నా ఆకాంక్ష.